వానకాలం జ్వరం వస్తే బతుకమ్మకు జుట్టు ఊడుతుంది, ఇప్పుడే చూసుకోండి

హనుమకొండలో మా గల్లీలో ఏటా ఇదే తంతు. శ్రావణంలో ఇంటికొకరు జ్వరంతో పడుకుంటారు, బతుకమ్మ నాటికి దువ్వెన నిండా వెంట్రుకలు, ఇక నీళ్లు పడలేదనీ షాంపూ మార్చాననీ మొదలు. అసలు సంగతి జ్వరమే. ఒళ్లు కాలిపోయినప్పుడు చాలా కుదుళ్లు పెరగడం ఆపేస్తాయి, ఆ వెంట్రుకలు రాలేది మాత్రం రెండు మూడు నెలలకు, అప్పటికి జ్వరం వచ్చిందన్నదే యాదికి ఉండదు. కాన్పు తర్వాత, ఆపరేషన్ తర్వాత, కడుపు మాడ్చుకుని బరువు తగ్గినప్పుడు ఊడేదీ ఇట్లాగే.

అందుకే జూన్‌లోనే మేల్కోండి. ఎండాకాలం పోయిందని మూలకు నెట్టిన కూలర్‌లో నీళ్లు ఒంపేయండి, డ్రమ్ములు వారానికోసారి తోమి ఆరబెట్టండి, డెంగీ దోమ ఎక్కువగా కుట్టేది పగటిపూట. జ్వరం వచ్చినా పథ్యమని పప్పు, గుడ్డు మానేయకండి. నేను పదిహేను రోజులు జావ మీదే ఉండి, దసరాకు ఉల్లిగడ్డ రసం పట్టించి ఇల్లంతా కంపు చేశాను. తర్వాత ఆరు నెలల్లో జుట్టు దానంతటదే వచ్చింది, పేరు మాత్రం ఉల్లిగడ్డకు.

రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం మామూలే. మగవాళ్లకు నుదుటి మూలలు, నడినెత్తి పలచబడితే, ఆడవాళ్లకు పాపిట వెడల్పైతే అది ఎక్కువగా వంశం నుంచి వచ్చేది, తల్లివైపు నుంచైనా తండ్రివైపు నుంచైనా. హెల్మెట్‌ను తిట్టి లాభం లేదు. తలకు రాసుకునే మందు మినాక్సిడిల్ కొంత పనిచేస్తుంది, ఆపితే మళ్లీ ఊడుతుంది. ఆడవాళ్లలో రక్తహీనత, థైరాయిడ్, పీసీఓడీ (అండాశయాల హార్మోన్ల తేడా) కూడా చూడాలి, కాబట్టి వేలు పోసి నూనె కొనే ముందు రక్తపరీక్ష చేయించండి. జుట్టుకని అమ్మే బయోటిన్ విటమిన్ మాత్రలు వేసుకుంటుంటే ల్యాబులో చెప్పండి, థైరాయిడ్ రిపోర్టు తప్పు రావచ్చు.

రూపాయి బిళ్లంత గుండ్రంగా ఊడితే పేనుకొరుకుడు. పేనుకూ దానికీ సంబంధం లేదు, మన రోగనిరోధక శక్తే కుదుళ్ల మీద పడుతుంది. దాని మీద గురివింద గింజ నూరి రాయకండి, అది విషం. పిల్లల తలలో పొట్టు రాలుతూ వెంట్రుకలు విరిగిపోతుంటే తామర కావచ్చు, పైపూతతో పోదు, నోటి మాత్రలు కావాలి.

మొక్కుంటే వేములవాడలో గుండు చేయించుకోండి, కాదనను, కానీ ఒత్తుగా వస్తుందన్న ఆశతో వద్దు. కత్తి కుదురు దాకా పోదు కదా. పండుగకు జడలు మాడు లాగేలా బిగించొద్దు. ఆరు నెలలు దాటినా రాలుతుంటే, ఊడిన చోట చర్మం నున్నగా మెరుస్తుంటే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలోనో ఇంకెక్కడో చర్మం డాక్టరుకు చూపించండి, జ్వరం ఎప్పుడొచ్చిందో తారీఖు రాసుకుని పోండి.