మెటల్ డిటెక్టర్ బ్యాటరీ ప్యాక్ నిలవడం లేదా? లోపం ఇలా పట్టుకోండి

ఇది ఎనిమిది ఏఏ సైజు నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్ ఉండే 9.6 వోల్టుల ప్యాక్ గురించి. మీ ప్యాక్ మీద లిథియం అని ఉంటే ఇంట్లో విప్పకండి. ఉబ్బితే ఛార్జింగ్ కూడా పెట్టకండి.

సమస్య: రాత్రంతా ఛార్జ్ చేసినా డిటెక్టర్ కాసేపటికే ఆగిపోతోంది

కారణం చాలావరకు ఒకటి రెండు సెల్స్ నీరసించడమే. అన్నీ సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటి కలిపి ఉంటాయి కాబట్టి ఒక్కటి పడిపోతే మొత్తం వోల్టేజీ పడిపోతుంది. పైగా ముందుగా ఖాళీ అయిన సెల్ పోలారిటీ (ప్లస్, మైనస్) తిరగబడి ఇంకా పాడవుతుంది.

ఊరికే మల్టీమీటర్ పెట్టి చూస్తే మోసపోతాం. లోడ్ లేనప్పుడు, అంటే కరెంటు వాడేది ఏదీ తగిలించనప్పుడు, చచ్చిన సెల్ కూడా 1.3 వోల్టులు చూపించగలదు. ప్యాక్‌ను పూర్తిగా ఛార్జ్ చేసి, 12 వోల్టుల 5 వాట్ల బండి బల్బు తగిలించండి. అది వెలుగుతుండగా ఒక్కో సెల్ కొలవండి. 1.2 దగ్గర నిలబడితే బాగున్నట్టే. నిమిషం రెండు నిమిషాల్లోనే 1 వోల్టు కిందికి దిగితే ఆ సెల్ పని అయిపోయింది.

పాడైన ఒక్కదాన్నే మార్చాలనిపిస్తుంది. నా మాట వినండి, ఎనిమిదీ మార్చండి. పాత వాటి మధ్య కొత్తది పెడితే కెపాసిటీలు కలవవు, కొన్నాళ్లకే మళ్లీ ప్యాక్ విప్పాలి. ఒకే కంపెనీ, ఒకే కెపాసిటీ, ట్యాబ్‌లు (చివర్లకు అతికించిన చిన్న లోహపు పట్టీలు) ఉన్న సెల్స్ తీసుకోండి. సెల్ ఒంటి మీద నేరుగా సోల్డరింగ్ చేస్తే ఆ వేడికి లోపలి సీల్ దెబ్బతింటుంది. ట్యాబ్‌లు లేకపోతే డ్రిల్ బ్యాటరీలు బాగుచేసే షాపులో స్పాట్ వెల్డింగ్ చేయించడమే మంచిది. విప్పేముందు ప్లస్, మైనస్ కనిపించేలా ఫోటో తీసుకోండి. సెల్స్‌కు ఆనించి ఉన్న థర్మల్ ఫ్యూజును (బాగా వేడెక్కితే కరెంటు ఆపేసేది) తీసి పారేయకండి, ఉన్నచోటే మళ్లీ పెట్టండి.

కొత్త సెల్స్ కెపాసిటీ 2000 ఎంఏహెచ్ (మిల్లీయాంప్ అవర్) అయి, ఛార్జర్ 200 మిల్లీయాంపులు ఇచ్చేదైతే నిండటానికి 14 నుంచి 16 గంటలు పడుతుంది.

సమస్య: సెల్స్ అన్నీ బాగున్నా ప్యాక్ సున్నా చూపిస్తోంది

సెల్స్‌ను కలిపే నికెల్ పట్టీ ఊడి ఉంటుంది, లేదా థర్మల్ ఫ్యూజు పోయి ఉంటుంది. ఫ్యూజు పోతే అదే రేటింగ్‌ది వేయాలి, వైరుతో కలిపేయకూడదు.

సమస్య: కదిపినప్పుడల్లా డిటెక్టర్ ఆగిపోతోంది, లోహం లేనిచోట కూస్తోంది

కాంటాక్టులు చూడండి. తెల్లటి పొడి పేరుకుంటే అది సెల్‌లోంచి కారిన క్షారం. గ్లవ్స్, కళ్లద్దాలు పెట్టుకుని, వెనిగర్‌లో ముంచిన దూదిపుల్లతో తుడవండి. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి బాగా ఆరనివ్వండి. స్ప్రింగు అణిగిపోతే కొద్దిగా పైకి లాగితే చాలు.