ఫోన్ దానంతట అదే పాడుతుంటే – నాలుగో పాఠం: ఆజ్ఞ ఎక్కడి నుంచి వస్తోంది?

ఆఖరుగా పాట పాడిన యాప్‌ను ఆపేసి, ఒక రోజు పాటు ఫోన్‌ను గమనించమని మూడో పాఠంలో చెప్పాను. మీరు రాసిన జవాబులు చదివితే, ఎక్కువ మంది రెండు చోట్ల తడబడ్డారని తెలుస్తోంది. కొందరు యాప్‌ను ఆపామనుకున్నారు కానీ నిజానికి ఆపలేదు. మరికొందరు విసుగెత్తి యాప్‌ను ఏకంగా తీసేశారు. మన విశాఖ ఎంవీపీ కాలనీ పాఠకురాలు ఒకరు సినిమా పాటల యాప్‌ను తీసేస్తే మర్నాడు భక్తి గీతాల యాప్ అందుకుందట. దాన్నీ తీసేస్తే రేడియో యాప్ మొదలుపెట్టిందట. ‘ఇక తీసేయడానికి ఏమీ మిగల్లేదండీ’ అని ఆవిడ రాశారు. ఈ వారం కొత్త విషయం మొదలుపెట్టాలని అనుకున్నాను గానీ, ముందు ఈ చిక్కుముడి విప్పకపోతే ముందుకు సాగలేం.

ఆవిడ ఫోన్‌లో జరిగింది ఇది. ఇయర్‌ఫోన్ బటన్ నొక్కినా, కారు స్టీరియో అడిగినా ఫోన్‌కు చేరేది ‘ప్లే’ అనే ఒక్క ఆజ్ఞ మాత్రమే. ఏ యాప్ పాడాలన్నది అందులో ఉండదు. ఆ ఆజ్ఞను ఎవరికి అందించాలో ఆండ్రాయిడే నిర్ణయిస్తుంది. ఆండ్రాయిడ్ 8 నుంచి ఉన్న పద్ధతి ప్రకారం, ఏ యాప్ కూడా పాడని సమయంలో అది ఆఖరుగా పాడిన యాప్‌కు వెళుతుంది. ఆ యాప్‌ను తీసేస్తే దాని ముందు పాడిన మరొకటి ఆ స్థానంలోకి రావచ్చు. అంటే మీరు పాడేవాళ్లను ఒక్కొక్కరినే ఇంటి నుంచి పంపించేస్తున్నారు, పాడమని చెబుతున్నవాడు మాత్రం గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. వాడిని పట్టుకోవడమే ఈ పాఠం పని.

అయితే మొదటి తడబాటు గురించి ముందుగా కొంచెం ఎక్కువే చెబుతాను, ఎందుకంటే అది నాకు చాలాకాలంగా చిరాకు పుట్టిస్తున్న అలవాటు. మద్దిలపాలెంలో సిటీ బస్సు ఎక్కితే, ఫోన్ జేబులో పెట్టుకునే ముందు ఇటీవలి యాప్‌ల తెర తెరిచి, కార్డులన్నిటినీ వేలితో పైకి తోసేసి, ‘అన్నీ మూసేశాను’ అని నిశ్చింతగా కూర్చునేవారు కనీసం నలుగురు కనిపిస్తారు. అలా తోసేస్తే పోయేది ఆ కార్డే. కొన్ని కంపెనీల ఫోన్లలో దానితో యాప్ కూడా ఆగుతుంది, చాలా ఫోన్లలో వెనక నడిచే పాటల సర్వీసు మిగిలే ఉంటుంది. ఒకవేళ అదీ ఆగిపోయినా, ‘ప్లే’ ఆజ్ఞ వచ్చిన వెంటనే ఆండ్రాయిడ్ ఆ యాప్‌ను నిద్ర లేపగలదు. అందుకే పదిసార్లు తోసేసినా పదకొండోసారి పాట వస్తుంది. నేను ఆపమన్నది ఇలా కాదు. యాప్ బొమ్మను నొక్కి పట్టుకుంటే ‘యాప్ సమాచారం’ వస్తుంది, అందులో ‘ఫోర్స్ స్టాప్’ ఉంటుంది. అది నొక్కాక ఆ బటన్ అక్షరాలు వెలిసిపోయినట్టు మారితే, యాప్ నిజంగా ఆగినట్టు. ఆ తర్వాత మీరు మీ చేత్తో తెరిచేదాకా అది సాధారణంగా ఏ ఆజ్ఞకూ లేవదు. ఇక్కడ కూడా చాలామంది పడే గుంట ఒకటుంది. ఆగిందో లేదో చూద్దామని వెంటనే యాప్‌ను తెరుస్తారు. తెరిచిన క్షణంలోనే మీరు చేసిన పని రద్దయిపోతుంది. ఆగిందని నమ్మకం కుదరకపోతే యాప్ సమాచారంలోకి మళ్లీ వెళ్లి ఆ బటన్ రంగును చూడండి, యాప్‌ను మాత్రం ముట్టుకోకండి.

ఐఫోన్‌లో ఇలాంటి బటన్ లేదు. కారు అడిగితే, మీరు తోసేసిన మ్యూజిక్ యాప్ కూడా తెరుచుకుని, అక్షర క్రమంలో మొట్టమొదటి పాటను ఎత్తుకోవడం కార్లున్నవారికి పాత అనుభవమే. ఈ బాధ పడలేక 2017లో అమెరికాలో ఒకాయన, పేరు వరుసగా ‘ఎ’ అక్షరాలతో మొదలయ్యేలా, దాదాపు పది నిమిషాల నిశ్శబ్దాన్నే పాటగా విడుదల చేస్తే జనం డబ్బిచ్చి కొనుక్కున్నారు. అంత దూరం వెళ్లనక్కర్లేదు, ఉపాయం కింద చెబుతాను.

ఆజ్ఞ రావడానికి దారులు మూడు: తీగ, బ్లూటూత్, ఇంటర్నెట్. పాట వచ్చిన క్షణంలో తెర పైభాగాన ఏ గుర్తు ఉందో చూస్తే సగం పని అయిపోతుంది. ఇయర్‌ఫోన్ పెట్టకుండానే హెడ్‌ఫోన్ గుర్తు కనిపిస్తే దోషం జాక్‌లో, అంటే ఇయర్‌ఫోన్ పిన్ పెట్టే రంధ్రంలో ఉంది.

సముద్రం పక్కన ఉండే మనకు జాక్ సంగతి ప్రత్యేకంగా తెలియాలి. 3.5 మిల్లీమీటర్ల జాక్‌లోకి వెళ్లే మైకున్న పిన్‌కు నాలుగు భాగాలుంటాయి: ఎడమ చెవి, కుడి చెవి, గ్రౌండు, మైకు. బటన్ నొక్కితే జరిగేదల్లా మైకూ గ్రౌండూ కలవడమే. వాటి మధ్య నిరోధం, అంటే కరెంటుకు ఉండే అడ్డు, ఎన్ని ఓమ్‌లుందో కొలిచి, ఏ బటన్ నొక్కారో ఫోన్ ఊహిస్తుంది. ఆండ్రాయిడ్ నిర్దేశాల్లో 70 ఓమ్‌ల లోపుంటే ప్లే లేదా పాజ్, 110 నుంచి 180 మధ్య వాయిస్ అసిస్టెంట్, 210 నుంచి 290 మధ్య శబ్దం పెంచడం, 360 నుంచి 680 మధ్య తగ్గించడం. బీచ్ రోడ్డు మీద సాయంత్రం నడకకు వెళ్లినప్పుడు పట్టే చెమట, ఉప్పుగాలి తేమ జాక్‌లో చేరితే ఆ రెండిటి మధ్య కరెంటుకు దారి ఏర్పడుతుంది. తేమ ఆరుతున్న కొద్దీ నిరోధం మారుతుంది. కాసేపు పాట, కాసేపు దానంతట అదే పెరిగే శబ్దం, మరి కాసేపటికి ‘ఏం సహాయం కావాలి’ అంటూ అసిస్టెంట్ రావడం వెనక ఉన్న కారణం ఇదే కావచ్చు. ఈ మూడూ కలగాపులగంగా వస్తుంటే యాప్‌లను అనుమానించడం మానేసి జాక్‌ను ఆరబెట్టండి. ఫోన్ ఆపేసి, జాక్ కిందికి ఉండేలా ఫ్యాన్ గాలికి రాత్రంతా ఉంచాలి. బియ్యంలో పెట్టకండి, తవుడు లోపలికి పోతుంది. సూదితో గీకకండి, నోటితో ఊదకండి. ఊదితే ఉమ్మి తేమ కూడా చేరుతుంది. ఉప్పు పేరుకుపోయి ఉంటే 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చుక్కతో తడిపిన సన్నటి బ్రష్ చాలు. 70 శాతందైతే మిగిలిన 30 శాతం నీరే కాబట్టి అది వద్దు.

ఇయర్‌ఫోన్ పెట్టినప్పుడే ఇలా జరుగుతుంటే తీగను అనుమానించండి. పాట ఆపి, పిన్ మొదట్లో తీగను మెల్లగా అటూ ఇటూ వంచినప్పుడు పాట మొదలైతే లోపల తీగలు ఒకదానికొకటి తగులుతున్నట్టే; అతికించే ప్రయత్నం చేయకుండా పారేయండి. నేనైతే పాటలకు మైకు లేని ఇయర్‌ఫోనే వాడతాను. పిన్ మీద నల్లటి గీతలు మూడుంటే మైకున్నది, రెండే ఉంటే లేనిది. మైకే లేనప్పుడు ఆ తీగ నుంచి తప్పుడు ఆజ్ఞ వచ్చే అవకాశం దాదాపు ఉండదు.

మీ ఉత్తరాల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించిన దోషి బ్లూటూత్. అపార్ట్‌మెంట్ మొదటి అంతస్తు వంటింట్లో ఫోన్ ఉంటుంది, కింద సెల్లార్‌లో భర్త కారు స్టార్ట్ చేస్తారు, పాట కారులో మొదలవుతుంది. పైన ఫోన్ చూసుకున్న భార్యకు ప్లేయర్ నడుస్తూ కనిపిస్తుంది. చాలా కార్ల స్టీరియోలు ఫోన్ కలిసిన వెంటనే ‘ప్లే’ అని అడుగుతాయి. అయస్కాంతంతో అంటుకునే నెక్‌బ్యాండ్లలో కొన్ని, చెవిలో పెట్టుకునే ఆ రెండు మొగ్గలూ విడిపోగానే ఆన్ అయి ఫోన్‌తో కలుస్తాయి. హ్యాండ్‌బ్యాగులో తాళాల గుత్తి తగిలినా అంతే. చెవి నుంచి తీస్తే ఆగి, పెడితే పాడే ఇయర్‌బడ్లు జేబులో గుడ్డ తగిలితే చెవి అనుకోవచ్చు. హెల్మెట్‌కు బిగించిన స్పీకర్, పిల్లలు ఆన్ చేసి మంచం కింద పడేసిన చిన్న స్పీకర్, మీ దగ్గరికి వచ్చి జత చేసుకుని వెళ్లిన బావమరిది కారు, ఇవన్నీ కూడా ఆ జాబితాలోవే.

వీటికి మందు ఒకటే. బ్లూటూత్ సెట్టింగుల్లో ఆ పరికరం పేరు పక్కనున్న గేర్ గుర్తు నొక్కి, ‘మీడియా ఆడియో’ ఆపి, ‘ఫోన్ కాల్స్’ ఉంచండి. పాట ఆగుతుంది, కారులో కాల్స్ వస్తూనే ఉంటాయి. వీఎల్‌సీ అనే ప్లేయర్ యాప్ వాడేవారు హెడ్‌సెట్ పెట్టగానే మళ్లీ పాడే సదుపాయాన్ని కూడా ఆపుకోవాలి. ఐఫోన్ వారు షార్ట్‌కట్స్ యాప్‌లో ‘ఆటోమేషన్’కు వెళ్లి, కారు బ్లూటూత్ కలిసినప్పుడు ‘పాజ్’ చేసేలా అమర్చుకుని, అడగకుండా వెంటనే నడిచేలా ఎంచుకోవచ్చు.

గాజువాక పాఠకుడు ఒకరు ‘రాత్రి బ్లూటూత్ ఆపి పడుకుంటే తెల్లవారుజామున పాట వస్తోంది’ అని రాశారు. ఆయనది ఐఫోన్. తెర అంచు నుంచి లాగితే వచ్చే కంట్రోల్ సెంటర్‌లో ఆపితే బ్లూటూత్ పూర్తిగా ఆగదు, అప్పటికి విడిపోయి ఉదయం 5 గంటలకు మళ్లీ కలుస్తుంది. సెట్టింగుల్లోకి వెళ్లి ఆపితేనే నిజంగా ఆగుతుంది. ఆండ్రాయిడ్ 15లోనూ మర్నాడు తిరిగి ఆన్ చేసే ఎంపిక ఉంది, చూసుకోండి.

ఇంటర్నెట్ దారి గురించి ఒక్క మాట. పాటల యాప్ స్పాటిఫైలో ఒకే ఖాతాను ఇద్దరు వాడుతుంటే, రెండోవారు తమ ఫోన్ నుంచే మీ ఫోన్‌ను ఎంచుకుని పాడించగలరు. ఖాతా పేజీలో అన్ని పరికరాల నుంచి సైన్ అవుట్ చేసి పాస్‌వర్డ్ మార్చండి.

ఈసారి అభ్యాసం కొంచెం కష్టమైనదే. మీ ఫోన్‌తో ఇప్పటివరకు జత అయిన బ్లూటూత్ పరికరాలన్నిటి పేర్లూ కాగితం మీద రాసి, ప్రతి దాని పక్కనా అది ఈ క్షణంలో ఏ గదిలో, ఎవరి సంచిలో, ఏ బండిలో ఉందో రాయండి. ఆచూకీ తెలియని వాటిని ‘మర్చిపో’ అని తొలగించండి. తర్వాత మొదటి రెండు రోజులు బ్లూటూత్ ఒక్కటే ఆపండి, తరువాతి రెండు రోజులు బ్లూటూత్ ఉంచి ఇయర్‌ఫోన్ ముట్టుకోకండి, ఆఖరి రెండు రోజులు రెండూ ఉంచి వైఫై, మొబైల్ డేటా ఆపండి. పాట వచ్చిన ప్రతిసారీ సమయం, పైన కనిపించిన గుర్తు, పాడిన యాప్, అప్పుడు ఇంట్లో కారు గానీ బండి గానీ ఎవరైనా స్టార్ట్ చేశారా అన్నది రాయాలి. ఒకేసారి రెండిటిని మార్చిన జవాబులు నాకు పంపవద్దు, వాటి నుంచి ఏమీ తేల్చలేను. నోటిఫికేషన్లలో ఏ ప్లేయరూ కనిపించకుండా ప్రకటనల శబ్దం వచ్చేవారు ఈ అభ్యాసం చేయనక్కర్లేదు. అది యాప్ చేస్తున్న అల్లరి, దాన్ని సేఫ్ మోడ్‌లో, అంటే మీరు వేసుకున్న యాప్‌లేవీ నడవకుండా ఫోన్‌ను తెరిచే పద్ధతిలో, పట్టుకోవడం ఐదో పాఠంలో చూద్దాం.