లేఅవుట్‌లో కామన్ సైట్ కబ్జా కాకుండా ఆపడం ఎలా

గుంటూరు పక్కన నంబూరైనా, బెజవాడ అవతల కంకిపాడైనా, కామన్ సైట్ (లేఅవుట్‌లో పార్కు లాంటి అవసరాలకి అందరి కోసం వదిలిన ఖాళీ స్థలం) కబ్జాకి ఒక వరస ఉంటుంది. ముందు వేపచెట్టు కింద రాయికి పసుపు రాస్తారు. దసరాకి షామియానా, సంక్రాంతికి రేకుల షెడ్డు, ఆ వెనకే కరెంటు మీటరు. మీటరు బిల్లు చూపించి పంచాయతీలో ఇంటి పన్ను కట్టేస్తే సగం పని అయినట్టే. అప్పటికి రెండు పార్టీల వాళ్లూ అక్కడ కొబ్బరికాయ కొట్టేసి ఉంటారు. ఎవరి దగ్గరికెళ్లినా "చూద్దాం లెండి" అనే అంటారు.

రాయి కనపడగానే గొడవకు దిగకండి, ముందు కాగితాలు పోగేయండి. సేల్ డీడ్‌లో ఉన్న ఎల్పీ నంబరుతో (లేఅవుట్ అనుమతి నంబరు) సీఆర్డీఏలో, అంటే రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థలో, ప్లాన్ సర్టిఫైడ్ కాపీ తీసుకోండి. పాత లేఅవుటైతే అనుమతి అంతకుముందున్న వీజీటీఎం ఉడా (విజయవాడ-గుంటూరు-తెనాలి-మంగళగిరి పట్టణాభివృద్ధి సంస్థ) పేరుతో ఉంటుంది. బ్రోచర్‌లోని రంగుల మ్యాపు దేనికీ పనికిరాదు. "పంచాయతీ అప్రూవ్డ్" అని మాత్రమే ఉంటే అసలు అనుమతే లేదని అనుమానించాలి, ఎందుకంటే పంచాయతీ సొంతంగా లేఅవుట్ మంజూరు చేయలేదు.

ప్లాన్ చేతికొచ్చాక లెక్క వేయండి. ఎకరా 4,840 గజాలు. ఐదెకరాల లేఅవుట్ అంటే 24,200 గజాలు, అందులో 10 శాతం, అంటే 2,420 గజాలు ఖాళీ స్థలం ఉండాలి. పక్కనున్న దొంకనో, కాలవ గట్టునో కలిపి లెక్క చూపించడం పాత ఎత్తు.

అసలు కీలకం గిఫ్ట్ డీడ్. రోడ్లు, ఖాళీ స్థలం పంచాయతీకి రాసిచ్చిన ఈ దస్తావేజు చాలా చోట్ల రిజిస్టరే అయి ఉండదు. అప్పుడు రికార్డుల్లో భూమి పాత పట్టాదారు పేరునే ఉండిపోతుంది. ఆయన పోయాక వారసులు ఆ పార్కునే ప్లాట్లు చేసి అమ్ముతారు. అందుకే మీ ప్లాటు నంబరుతో కాక, సర్వే నంబరుతో ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) తీయండి. ఆన్‌లైన్‌లో 1983 నుంచి దొరుకుతుంది. డీడ్ ఉంటే నాలుగు హద్దులూ ప్లాన్‌తో సరిచూడండి. స్టాంపు కాగితం మీద రాసుకున్న అగ్రిమెంట్లు ఈసీలో కనపడవని గుర్తుంచుకోండి.

తర్వాత పంచాయతీ కార్యదర్శికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. గ్రామ స్థాయిలో ఫీజు లేదు, గడువు 30 రోజులు. "ఎందుకు ఊరుకున్నారు?" అని అడిగితే జవాబు రాదు. కాపీలు అడగండి: గిఫ్ట్ డీడ్ నకలు, ఆస్తుల రిజిస్టర్‌లో ఆ స్థలం ఉన్న పేజీ, షెడ్డుకి డోర్ నంబరిచ్చిన ఫైలు. పంచాయతీ ఆస్తుల పరిరక్షణకు 2011లో వచ్చిన 188 జీవోని దరఖాస్తులో ప్రస్తావించండి. మంగళగిరి-తాడేపల్లి లాగా ఊరు కార్పొరేషన్‌లో కలిసిపోయి ఉంటే రిజిస్టర్ ఎక్కడుందో ముందు కనుక్కోవాలి. "మా దగ్గర లేదు" అని పాత పంచాయతీ వాళ్లూ, కార్పొరేషన్ వాళ్లూ అనే అవకాశం పుష్కలం.

హద్దులు తేల్చడానికి సర్వే కావాలి. దరఖాస్తు మీరు కాకుండా పంచాయతీ చేత పెట్టించండి, స్థలం దాని పేరునే కదా. కొలత రోజున ఫొటోలు తీసి, పంచనామా మీద సంతకాలు చేయించుకోండి.

సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇస్తే రసీదు నంబరు తప్పకుండా తీసుకోండి. అర్జీ తిరిగి తిరిగి అదే కార్యదర్శి దగ్గరికే వస్తుంది, "పరిష్కరించబడింది" అని మూసేస్తారు. మళ్లీ తెరిపించాలంటే ఆ నంబరే దిక్కు. కనీసం ఏడుగురు కలిస్తే ప్లాట్ల యజమానుల సంఘం రిజిస్టర్ చేయించుకోవచ్చు. అవతలివాళ్లు స్టే తెచ్చుకునేలా ఉంటే సివిల్ కోర్టులో కేవియట్ (మా మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వొద్దని ముందే కోరే పిటిషన్) వేయండి. అది 90 రోజులే నడుస్తుంది, తేదీ రాసిపెట్టుకోండి. గుడి పేరు చెప్పి బెదిరిస్తే, బహిరంగ స్థలాల్లో కొత్త ప్రార్థనా మందిరాలు కట్టనివ్వొద్దని 2009 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు కాపీ ముందుపెట్టండి. ఏ మతానికైనా అదే వర్తిస్తుంది.

స్థలం దక్కాక కంచె వేయించి ఎల్పీ నంబరు, డీడ్ నంబరు, సర్వే నంబరు, గజాలు రాసిన బోర్డు పెట్టించండి. ఎన్నికలొస్తే మాత్రం జాగ్రత్త. అక్కడే కమ్యూనిటీ హాలు కట్టిస్తానని ఎవరో ఒకరు హామీ ఇస్తారు, మీ సంఘంలోనే సగం మంది చప్పట్లు కొడతారు. హాలు కడితే అది ఇక ఖాళీ స్థలం కాదు, కాబట్టి ముందే సంఘంలో తీర్మానం చేసి ఉంచండి.