వార్డ్‌రోబ్ చేయించే ముందు కింది జానెడు చూసుకోండి

మా ఇల్లు కర్నూలు పాతబస్తీలో, హంద్రీకి దగ్గర. 2009 అక్టోబరు వరద తీశాక లోపలికెళ్లి చూస్తే, ముచ్చటపడి కొన్న తెల్ల వార్డ్‌రోబ్ తడిసిన అటుకుల్లా ఉబ్బిపోయి ఉంది. తలుపు పట్టుకుంటే పొడి చేతికొచ్చింది. చెక్కపొట్టును జిగురుతో ఒత్తి చేసిన బోర్డు మరి! దాని పక్కనే గోడలో మా మామగారి కాలంనాటి గూడు, కడప బండ అరలు. బురద కడిగి, గుడ్డతో తుడిచి, వారానికల్లా బియ్యం డబ్బాలు పెట్టేశాం.

తర్వాత మాకొకటి, మా ఆడపడుచుకొకటి వార్డ్‌రోబ్ దగ్గరుండి చేయించాను. ఇప్పుడు ఎవరైనా ఫోన్‌లో డిజైన్లు చూపిస్తే ముందు అడిగేది ఒకటే: అడుగున ఏం పెడుతున్నారు?

వరదే రానక్కర్లేదు, రోజూ ఇల్లు తుడిచే తడిబట్ట చాలు. మామూలుగా కింద నాలుగంగుళాల ప్లై పట్టీ నేలకానించి కొట్టేస్తారు. దాని అంచు నీళ్లు పీల్చి, కొన్నాళ్లకు మైకా లేస్తుంది. అందుకే కార్పెంటర్ కంటే ముందు మేస్త్రీని పిలవండి. ఒక వరస ఇటుక పేర్చి, పైన కడప బండ పరిపించి, ముందువైపు టైలు అంటించమనండి. ఈ దిమ్మె తలుపుల కంటే రెండు మూడంగుళాలు లోపలికి ఉండాలి, లేకపోతే కాలివేళ్లకు తగులుతుంది. "ఇదంతా యాలక్కా, ప్లైనే కొట్టేస్తా" అన్నాడు మా కార్పెంటర్. టీ ఇచ్చి ఆ గూడు చూపించాను. ఇంకేం మాట్లాడలేదు. పనిలో పనిగా గోడకు, నేలకు చెదల మందు కొట్టించేయండి.

వార్డ్‌రోబ్ పెట్టెకు 18 మిల్లీమీటర్ల ప్లై, నీళ్లకు తట్టుకునే ప్లైకి వేసే ఐఎస్ 710 ముద్ర ఉన్నది తీసుకోండి. పైషీటు ఒక్కటే కాదు, ప్రతి షీటూ తిప్పి చూడాలి. నేనైతే కోయగా మిగిలిన ముక్కను పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా గిన్నెలో మరిగించాను, పొరలు విడలేదు. అసలు పరీక్షలో 72 గంటలు మరిగిస్తారట. అంత గ్యాస్ నా దగ్గర లేదు.

కొలతలకు పాత బీరువా మంచం మీద కుమ్మరించి, దొంతర్లు పేర్చి టేపు పెట్టండి. హ్యాంగరు వెడల్పే ఒకటిన్నర అడుగు ఉంటుంది కాబట్టి లోపలి లోతు 22 అంగుళాలకు తగ్గొద్దు. అర మూడడుగులు దాటితే పట్టుచీరల బరువుకు నడుం వంగుతుంది, మధ్యలో నిలువు పలక వేయించండి. తలుపుకు లోపల కూడా మైకా వేయాల్సిందే. ఒకవైపే వేస్తే వంకర తిరుగుతుంది. స్లైడింగ్ తలుపులంటే నాకు పడదు, ఎప్పుడూ సగం మూసే ఉంటుంది. గది మరీ ఇరుకైతే తప్పదు.

వార్డ్‌రోబ్‌తో పాటు హైడ్రాలిక్ మంచం, అంటే కింద సామాన్లు పెట్టుకునేలా గ్యాస్ రాడ్లతో పైకి లేచేది, చేయిస్తే ఏ పరుపు వేస్తారో ముందే చెప్పండి. దాని బరువును బట్టే గ్యాస్ రాడ్లు బిగిస్తారు. మా ఆడపడుచు ఫోమ్ పరుపని చెప్పి, తర్వాత అమ్మ ఇచ్చిందని దూది పరుపు వేసింది. బొంతలన్నీ ఆ మంచం కిందే ఉన్నాయి. చలికాలం వస్తే మా తమ్ముడికి ఫోన్ చేస్తుంది, పైకెత్తి పట్టుకోవడానికి.