శాస్త్రీయ నామం చదవడం – 4వ పాఠం: ఆ బ్రాకెట్ ఎందుకు?

ప్రజాతి, జాతి పేర్లు పోయిన పాఠంలో అయిపోయాయి. ఇవాళ వాటి పక్కనుండే మనిషి పేరు, సంవత్సరం సంగతి చూద్దాం. ముందు ఈ రెండూ నోట్సులో రాసుకోండి.

టాకిడ్రోమస్ టొయామాయి టకెడా & ఓటా, 1996
టాకిడ్రోమస్ టాకిడ్రోమోయిడెస్ (ష్లేగెల్, 1838)

రెండూ జపాన్ దీవుల్లో తప్ప ఎక్కడా లేని గడ్డి బల్లులు. ఒంటికన్నా తోకే చాలా పొడవు. అక్కడివాళ్లు కనహెబి అంటారు. హెబి అంటే పాము. మన గోడమీది బల్లి గెక్కోనిడే కుటుంబానిది, ఇవి లాసెర్టిడే.

ఒకదానికే బ్రాకెట్ ఉంది, చూశారా? బ్రాకెట్ లేదంటే, పేరు పెట్టినవాళ్లు చేర్చిన ప్రజాతిలోనే ఆ జీవి ఇప్పటికీ ఉందని అర్థం. ఉందంటే, తర్వాత ప్రజాతి మారింది. నేను మొదట్లో చూడ్డానికి బాగుంటుందని అన్నిటికీ బ్రాకెట్లు తగిలించేవాణ్ణి. అదెంత తప్పో ష్లేగెల్ బల్లిని చూస్తే తెలుస్తుంది.

ఆయన దాన్ని లాసెర్టా ప్రజాతిలో పెట్టాడు. చూపులకు టాకిడ్రోమస్‌లా ఉందని, జాతి పేరు టాకిడ్రోమోయిడెస్ అన్నాడు. తర్వాతివాళ్లు దాన్ని టాకిడ్రోమస్‌లోకే మార్చారు, జాతి పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. దాంతో అది ‘టాకిడ్రోమస్‌లా కనిపించే టాకిడ్రోమస్’ అయింది! పాపం, బ్రాకెట్ చూడనివాళ్లకు ఈ తమాషా అందదు.

ఇక మొదటిది. మియాకో దీవుల్లో ఉండే ఈ బల్లిని 1996 దాకా ఒకినావా వైపుండే టాకిడ్రోమస్ స్మరాగ్డినస్‌లోనే (దానికి 1887లో బౌలెంజర్ పేరు పెట్టాడు) కలిపేవారు. టకెడా, ఓటా విడదీశారు. కాబట్టి పాత కాగితాల్లో ‘మియాకో, స్మరాగ్డినస్’ అని కనిపిస్తే, అక్కడ టొయామాయి అని చదువుకోవాలి. సంవత్సరం రాసేది ఇలాంటి చోట పనికొస్తుందనే. టొయామాయిలో చివరి ‘ఇ’ అంటే ‘టొయామా యొక్క’ అని. అది ఒక మనిషి గౌరవార్థం పెట్టిన పేరు.

అభ్యాసం: మన తొండ, కలోటిస్ వర్సికలర్ (దోదాన్, 1802). టాకిడ్రోమస్ ప్రజాతికి పేరు పెట్టిందీ ఈ దోదానే, అదే ఏడాది. మన ప్రాంతంలోనే ఉండే లాసెర్టిడే బల్లి, ఓఫిసాప్స్ జెర్డోనియై బ్లైత్, 1853. ఈ రెండింట్లో ప్రజాతి మారింది దేనికి? తొండ మొదటి ప్రజాతి పేరు కూడా వెతికి రాయండి. జవాబు 5వ పాఠంలో.