నేల కింది గదిలో హోమ్ థియేటర్: తేడా ఎక్కడుందో పట్టుకోవడం ఎలా

సెల్లార్‌లో ఖాళీగా పడున్న గదిని థియేటర్‌గా మార్చుకున్నాక ఏదైనా తేడా వస్తే నింద ముందు ప్రొజెక్టర్ మీదో స్పీకర్ల మీదో పడుతుంది. చాలాసార్లు తప్పు గదిది. నేల కింద కట్టిన గదికి చీకటి, నిశ్శబ్దం ఊరికే దొరుకుతాయి, నిజమే. వాటితోపాటే చెమ్మ, కాంక్రీటు గోడలు, తక్కువ ఎత్తు కప్పు, ఆడని గాలి కూడా వస్తాయి. అందుకే కింద సమస్యల్ని గదితో మొదలుపెట్టి వైర్లతో ముగించాను. మీరూ అదే వరసలో వెతకండి. గది సంగతి తేలకముందే కొత్త యాంప్లిఫయర్ కొనేస్తే పాత సమస్యే మరింత గట్టిగా వినిపిస్తుంది.

తలుపు తీయగానే ముక్క వాసన. గోడ అడుగున పెచ్చులు, తెల్లటి పొడి

ఆ తెల్లటి పొడి ఉప్పు. గోడలోంచి వచ్చిన నీరు ఆరిపోయి, తనతో తెచ్చిన లవణాలను పైన వదిలేస్తుంది. కాబట్టి పొడి కనిపించిందంటే నీరు గోడ గుండా ప్రయాణిస్తున్నట్టే. పొడి లేకుండా వాసన మాత్రమే ఉంటే గాలిలోని తేమ చల్లటి గోడకు తగిలి నీరవుతూ ఉండొచ్చు. రెండింటికీ మందు వేరు. ఏది ఏదో తేల్చుకోకుండా రంగు వేయిస్తే డబ్బు దండగ.

తేల్చుకోవడం కష్టం కాదు. సుమారు రెండడుగుల చదరంగా పాలిథీన్ షీటు కత్తిరించి, గోడకు పరిచి, నాలుగంచులూ గాలి చొరకుండా టేపుతో అంటించండి. ఒకటి రెండు రోజులాగి చూడండి. షీటుకు గదివైపు నీటి చుక్కలుంటే అది గాలిలోని తేమ. షీటు వెనక, గోడవైపు తడిస్తే నీరు మట్టిలోంచి వస్తోంది. రెండు వైపులా తడుంటే రెండూ ఉన్నాయి. ఇదే పరీక్ష నేల మీద కూడా చేయాలి. కార్పెట్ పరిచాక నేల చెమ్మ కంటికి కనబడదు, కార్పెట్ కింద బూజు కడుతుంది.

గాలి తేమ అయితే డీహ్యూమిడిఫయర్ (గాలిలోని తేమను లాగేసే యంత్రం) పెట్టి, పక్కన తేమ కొలిచే మీటరు ఉంచుకోండి. 60 శాతం దాటనివ్వకూడదు, 50కి దగ్గర్లో ఉంటే ఇంకా మంచిది. గోడకు లోపలివైపు ఇన్సులేషన్ వేయిస్తే కాంక్రీటుకు ఆనించి గ్లాస్‌వూల్ (గాజుపోగుల దూది) నింపనివ్వకండి. అది తేమ పట్టి ఆరదు. గట్టి ఫోమ్ బోర్డును గోడకు అంటించి, సందులన్నీ మూసి, దాని ముందు ఫ్రేము కట్టించడం మేలు.

బయటి నీరైతే పని బయటే మొదలవ్వాలి. పైకప్పు నీళ్ల గొట్టాలు గోడ మొదట్లోనే కుమ్మరిస్తున్నాయేమో చూడండి. నేల వాలు ఇంటివైపు ఉంటే మట్టి పోయించి వాలును బయటివైపు తిప్పించండి. చాలా ఇళ్లలో సగం చెమ్మ దీనితోనే తగ్గుతుంది. ఆ తర్వాతే పగుళ్లు పూడ్చడం, గోడ వెంట డ్రైన్, అవసరమైతే చేరిన నీటిని తోడేసే సంప్ పంపు. లోపలివైపు వాటర్‌ప్రూఫ్ పెయింట్ వేసి సరిపెడతామనేవాళ్లు దొరుకుతారు. మట్టివైపు నుంచి నీరు తోస్తుంటే ఆ పెయింట్ కొన్నాళ్లకు పొక్కులొచ్చి ఊడుతుంది. ఏ పద్ధతైనా సరే, ఒక పెద్ద వాన పడి వెలిసి, గోడ పొడిగా ఉందని చూసుకున్నాకే జిప్సం బోర్డూ కార్పెట్టూ.

సినిమా సగంలోనే ఉక్క, తలనొప్పి, నిద్రమత్తు

శబ్దం బయటికి పోకూడదని సందులన్నీ మూసేసిన గదిలో గాలి కూడా కదలదు. ఊరికే కూర్చున్న మనిషి ఒంటి నుంచి దాదాపు 100 వాట్ల వేడి వస్తుంది. ఆరుగురు కూర్చుంటే 600 వాట్ల హీటరు వెలిగించినట్టు, ప్రొజెక్టర్, రిసీవర్ (శబ్దాన్ని స్పీకర్లకు పంచే పెట్టె) దానికి అదనం. ఏసీ చల్లబరుస్తుంది గానీ, స్ప్లిట్ ఏసీ కొత్త గాలి తేదు. లోపలికొక దారి, బయటికొక దారి ఉండాలి. ఆ గొట్టాలకు లోపల శబ్దం పీల్చే లైనింగ్ వేసి ఒకటి రెండు వంపులు తిప్పిస్తే గాలి పోతుంది, శబ్దం పెద్దగా పోదు. వెడల్పాటి గొట్టంలో నెమ్మదిగా నడిచే ఫ్యాన్ రొద చేయదు.

ఒక హెచ్చరిక: అదే సెల్లార్‌లో గ్యాస్‌తో నడిచే బాయిలరో హీటరో ఉంటే, దానికి గాలి అందే దారిని ఈ పనుల్లో పొరపాటున కూడా మూయకండి. కార్బన్ మోనాక్సైడ్ (విషవాయువు) అలారం పెట్టించండి. భూమిలోంచి రేడాన్ అనే రేడియోధార్మిక వాయువు వచ్చే ప్రాంతాల్లో గది పని మొదలుపెట్టక ముందే దాన్ని కొలిపించుకోవాలి. రంగూ వాసనా లేని వాయువది, కొలిస్తే తప్ప తెలియదు.

బేస్ (దమ్మనే లోతైన శబ్దం) ఒక సీట్లో ఉబ్బిపోతుంది, పక్క సీట్లో మాయమవుతుంది

ఈ సమస్య దగ్గర కాసేపు ఆగాలి. సెల్లార్ థియేటర్లన్నిటికీ ఉండే జబ్బు ఇది, అందరూ తప్పు మందు వాడేదీ దీనికే.

మామూలు గదిలో తేలికపాటి గోడలు, కిటికీలు కొంత బేస్‌ను బయటికి వదిలేస్తాయి. మట్టి ఆనుకున్న కాంక్రీటు వదలదు, తిప్పికొడుతుంది. ఎదురెదురు గోడల మధ్య శబ్దపు అలలు ఒకదాని మీద ఒకటి పడి కొన్ని చోట్ల పెరుగుతాయి, కొన్ని చోట్ల చెరిగిపోతాయి. ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర ఇది జరుగుతుందో మీరే లెక్కకట్టొచ్చు. శబ్దవేగం సెకనుకు 343 మీటర్లు. దాన్ని గది పొడవుకు రెట్టింపుతో భాగించాలి. 5 మీటర్ల పొడవుకు దాదాపు 34 హెర్ట్జ్, 4 మీటర్ల వెడల్పుకు 43, 2.4 మీటర్ల ఎత్తుకు 71 వస్తాయి. వాటి రెట్టింపులూ మూడింతలూ కూడా ఉంటాయి. పొడవూ వెడల్పూ సమానంగా ఉన్న గదిలో రెండు కొలతలవీ ఒకే చోట పడి ఆ స్వరం మరీ మోగుతుంది. చదరపు గది థియేటర్‌కు పనికిరాదని కాదు, కాకపోతే అడ్డుగోడ పెట్టే వీలుంటే ఒక పక్క కొంచెం కోసి స్టోర్‌గా వదిలేయడం నయం.

ఇక మందు. ముందు సోఫా జరపండి, ఇది ఉచితం. గది పొడవులో సరిగ్గా మధ్యలో వద్దు, వెనక గోడకు ఆనించీ వద్దు. స్క్రీన్ గోడ నుంచి సుమారు మూడింట రెండొంతుల దూరం దగ్గర పెట్టి, ఒక్కో అడుగు ముందుకూ వెనక్కూ జరిపి వినండి.

తర్వాత బేస్ కోసమే ఉండే స్పీకరు, సబ్‌ వూఫర్. దాన్ని మీరు కూర్చునే చోటే పెట్టి, బేస్ ఎక్కువున్న పాటేదైనా వేసి, మీరు గోడల వెంట మోకాళ్ల మీద పాకండి. చూసేవాళ్లు నవ్వితే నవ్వనీయండి. ఏ చోట ప్రతి స్వరమూ సమానంగా, ఏదీ ఉబ్బకుండా వినిపిస్తే సబ్‌ వూఫర్ స్థానం అదే. మూలలో బేస్ ఎక్కువగా వస్తుందని అందరూ మూలకే తోస్తారు. ఎక్కువ రావడం, సమానంగా రావడం ఒకటి కాదు. రెండు చిన్న సబ్‌ వూఫర్లు ఎదురెదురు గోడల మధ్య బిందువుల్లో పెడితే, ఒక్క పెద్దదానికంటే సీట్ల మధ్య తేడా బాగా తగ్గుతుంది.

మూడోది మూలల్లో మందమైన రాక్‌వూల్ (రాతిపోగుల దూది) పలకలు. పలచటి ఫోమ్, కోడిగుడ్ల అట్టలు బేస్‌ను ఏమీ చేయలేవు. 50 హెర్ట్జ్ అల పొడవు దాదాపు 7 మీటర్లు, దాని ముందు అంగుళం ఫోమ్ ఉన్నా లేనట్టే. కనీసం 10 సెంటీమీటర్ల మందం, వెనక ఖాళీతో మూలకు అడ్డంగా, నేల నుంచి కప్పు దాకా పెట్టాలి.

ఏ స్వరం ఎంత వినిపించాలో దిద్దే ఈక్వలైజర్ చివరికి. రిసీవర్‌తో వచ్చిన మైకుతో కాలిబ్రేషన్ (గదికి తగ్గట్టు సరిచేయడం) చేయించినా, అది ఉబ్బిన స్వరాన్ని తగ్గించగలదు, చెరిగిపోయినదాన్ని తెప్పించలేదు. అలలు కొట్టుకుపోయిన చోట 6 డెసిబెల్స్ పెంచితే యాంప్లిఫయర్ నాలుగింతల పవర్ తోస్తుంది, అదీ చెరిగిపోతుంది.

పేలుళ్లకు చెవులు చిల్లులు, మాటలు మాత్రం అర్థం కావు

గది మధ్యలో నిలబడి ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. వెనకాలే టర్‌ర్‌మని వణికే శబ్దం వస్తే ఎదురెదురు గోడలు బోసిగా ఉన్నాయన్నమాట. కార్పెట్, బరువైన తెరలు, పక్క గోడల మీద శబ్దం పీల్చే పలకలు కావాలి. ఎక్కడ పెట్టాలో అద్దం చెబుతుంది. మీరు సీట్లో కూర్చోండి, ఇంకొకరిని గోడ వెంట అద్దం జరపమనండి. అద్దంలో స్పీకర్ కనిపించిన చోట పలక. గది మొత్తం కప్పేయకండి, బతుకు లేని శబ్దమొస్తుంది.

చప్పట్లకు గది మామూలుగానే ఉంటే సెంటర్ స్పీకర్ చూడండి. ఎక్కువగా అది స్క్రీన్ కింద అరలో లోపలికి నెట్టేసి, ముఖం మీ మోకాళ్లకేసి ఉంటుంది. అర అంచుకు ముందుకు లాగి, కింద చిన్న చెక్కముక్క పెట్టి చెవివైపు ఎత్తండి. క్రాసోవర్ (ఏ స్వరం దాకా బేస్ స్పీకరుకు పోవాలో చెప్పే హద్దు) 80 హెర్ట్జ్ దగ్గర పెట్టి, సెంటర్ లెవెల్ 2, 3 డెసిబెల్స్ పెంచండి. అప్పటికీ తేడా లేకపోతే ప్లేయర్ ఆడియో సెట్టింగ్ స్టీరియోలో ఉందేమో చూడండి. అలాగుంటే సెంటర్ స్పీకర్‌కు విడిగా మాటలు అందవు.

పై గదిలో నిద్రపోయేవాళ్లకు మొత్తం వినిపిస్తోంది

ఫోమ్ అంటించినా లాభం లేదు. ఫోమ్ గదిలోపలి ప్రతిధ్వనిని తగ్గిస్తుంది, బయటికెళ్లే శబ్దాన్ని ఆపదు. ఆపేవి మూడే: బరువు, విడదీత, గాలి చొరని మూత. కప్పుకు రెండు పొరల జిప్సం బోర్డు, వాటి మధ్య కంపనాన్ని అణిచే డ్యాంపింగ్ జిగురు, ఆ బోర్డులు పై జాయిస్టులకు (పై నేలను మోసే దూలాలకు) నేరుగా తగలకుండా స్ప్రింగు క్లిప్పుల మీద వేలాడటం. బరువు రెట్టింపయితే దాదాపు 5, 6 డెసిబెల్స్ తగ్గుతుంది, అంతే. అందుకే విడదీత అంత ముఖ్యం. ఇంత చేసి కప్పులో లైట్ల కోసం పది రంధ్రాలు చేస్తే పని సగం వృథా. లైట్లు గోడలకు పెట్టండి. డొల్ల తలుపు తీసేసి గట్టి చెక్క తలుపు వేసి, నాలుగువైపులా రబ్బరు సీలు, అడుగున స్వీప్ (కింది సందు మూసే పట్టీ) బిగించండి. కప్పు బోర్డులు ఇప్పటికే వేసేసి ఉంటే తలుపుతోనే మొదలుపెట్టండి, తక్కువ ఖర్చులో తేడా తెలిసేది అక్కడే.

స్పీకర్లలో గుయ్యిమని ఆగని శబ్దం

అన్ని ఇన్‌పుట్ కేబుళ్లూ ఊడదీసి ఒక్కొక్కటే తగిలించండి. ఏది తగిలించగానే శబ్దం వచ్చిందో దొంగ అదే. తరచుగా అది బయటి నుంచి వచ్చే టీవీ కేబుల్, లేదా వేరే ప్లగ్గు సర్క్యూట్ మీదున్న సబ్‌ వూఫర్. రెండు చోట్ల ఎర్త్ అయి వాటి మధ్య కరెంటు తిరుగుతుంది. అన్నిటికీ ఒకే సర్క్యూట్ ఇవ్వండి, టీవీ కేబుల్‌కు ఆ తిరిగే కరెంటును తెంపే ఐసొలేటర్ పెట్టండి. ఎర్త్ పిన్ను విరిచేస్తే శబ్దం పోతుందని సలహా ఇచ్చేవాళ్ల మాట వినకండి. చెమ్మ ఉండే గదిలో అది ప్రాణాల మీదికి వస్తుంది. లైట్లు తగ్గించినప్పుడే వస్తోందంటే డిమ్మర్ మార్చాలి.

చీకట్లో కూడా బొమ్మ పాలిపోయి ఉంది

తెల్లటి కప్పు, లేత గోడలు. స్క్రీన్ మీది వెలుగు వాటికి తగిలి తిరిగి స్క్రీన్ మీదే పడుతుంది, నలుపు బూడిదవుతుంది. స్క్రీన్ చుట్టూ కనీసం మీటరున్నర మేర, ముఖ్యంగా కప్పుకు, మెరుపులేని ముదురు రంగు వేయండి. కొత్త ప్రొజెక్టర్ కన్నా ఇది చవక. అలాగే స్క్రీన్‌ను 100 అంగుళాల నుంచి 120కి పెంచితే అదే వెలుగు ఎక్కువ జాగాకు పరుచుకుని ప్రకాశం దాదాపు 30 శాతం పడిపోతుంది. 16:9 లో 100 అంగుళాల స్క్రీన్ వెడల్పు 2.2 మీటర్లు. 3 మీటర్ల దూరంలో కూర్చుంటే చూపులో 40 డిగ్రీలు నింపుతుంది, చాలామందికి అది చాలు.

బొమ్మ పైన వెడల్పు కింద ఇరుకుగా వస్తే ఆ వంకరను సరిచేసే కీస్టోన్ బటన్ నొక్కకండి. అది పిక్సెళ్లను కోసి చదును చేస్తుంది, అక్షరాల అంచులు మసకబారతాయి. ప్రొజెక్టర్‌ను సమంగా బిగించి, లెన్స్ షిఫ్ట్ (ప్రొజెక్టర్‌ను వంచకుండా బొమ్మను జరిపే ఏర్పాటు) ఉంటే దానితో బొమ్మను పైకో కిందికో జరుపుకోండి.

తెర నల్లబడి మళ్లీ వస్తుంది, లేదా మెరుపు చుక్కలు

ప్లేయర్ రిజల్యూషన్‌ను 1080కి తగ్గించి చూడండి. చుక్కలు పోతే కేబుల్ మోయలేకపోతోంది. సెకనుకు 60 ఫ్రేముల 4కే హెచ్‌డీఆర్ బొమ్మకు సెకనుకు 18 గిగాబిట్లు మోసే హెచ్‌డీఎంఐ కేబుల్ కావాలి, మామూలు రాగి కేబుల్ ఐదారు మీటర్లు దాటితే నమ్మకం తక్కువ. వెలుగుతో సంకేతం పంపే ఆప్టికల్ హెచ్‌డీఎంఐ వేయండి. దానికి దిశ ఉంటుంది, ప్లేయర్ వైపు కొనా ప్రొజెక్టర్ వైపు కొనా గుర్తుచూసి లాగాలి, తిరగేస్తే బొమ్మే రాదు. గోడలో పూడ్చేటప్పుడు పైపులోంచే వేయించండి, ప్లగ్గు పట్టేంత వెడల్పుతో. 1080లోనూ తెర నల్లబడుతుంటే మధ్యలోని రిసీవర్‌ను తప్పించి ప్లేయర్‌ను నేరుగా ప్రొజెక్టర్‌కు కలపండి. అప్పుడు సరిగ్గా వస్తే తేడా రిసీవర్ దగ్గరే ఉందన్నమాట.

పెదాలు ఒకటి, మాట ఒకటి

ప్రొజెక్టర్ బొమ్మను ముస్తాబు చేసేలోగా శబ్దం ముందే వచ్చేస్తుంది. శబ్దం 45 మిల్లీసెకన్లు ముందొచ్చినా మనిషి పట్టేస్తాడు, వెనకబడితే 125 దాకా పట్టించుకోడు. రిసీవర్‌లో ఆడియో డిలే కొద్దికొద్దిగా పెంచుతూ, ఎవరో తలుపు వేసే సీనో, చప్పట్లు కొట్టే సీనో చూసి సరిపెట్టండి. మాటే వెనక వస్తోందంటే డిలేతో పని జరగదు. వైర్‌లెస్ స్పీకర్లు ఉన్నాయేమో చూసి, వాటికి వైరు లాగండి.