చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: పద్యం ముందు, వ్యాసం తర్వాత

గత పాఠంలో పద్యాన్ని గొంతెత్తి చదవడం చూశాం. ఈసారి ఒక పద్యాన్నీ, ఆ కవి గురించి రాసిన వచనాన్నీ పక్కపక్కన పెట్టుకుని చదువుదాం. ఒక పెన్సిలు, ఒక నోట్‌బుక్కు, ఓ గంట తీరిక ఉంటే చాలు. ఫోన్ పక్క గదిలో ఉంటే ఇంకా మంచిది.

పద్యం మీకు కంఠతా వచ్చిందే. కావాలనే అలాంటిది తీసుకున్నాను.

ఉప్పు కప్పురంబు నొక్క పోలికనుండు
చూడ చూడ రుచుల జాడ వేరు
పురుషులందు పుణ్యపురుషులు వేరయా
విశ్వదాభిరామ వినురవేమ

చిన్న క్లాసులోనే చదివేశాం కదా అంటారు. నిజమే, కానీ మనలో చాలామందికి గుర్తున్నది దాని కింద అచ్చేసిన తాత్పర్యమే. ఆ తాత్పర్యాన్ని కాసేపు పక్కన పెట్టి, పద్యాన్ని మెల్లగా, బల్ల మీద వేలితో తాళం వేస్తూ చదవండి. మొదటి పాదం ‘ఉప్పు, కప్పు, రంబు’ అని మూడు చిన్న అడుగులు వేసి, ఆ తర్వాత ‘నొక్కపో, లికనుండు’ అని రెండు పెద్ద అంగలు వేస్తుంది. రెండో పాదంలో అన్నీ చిన్న అడుగులే: చూడ, చూడ, రుచుల, జాడ, వేరు. ఆటవెలది అనే ఛందస్సు నడక ఇదే. 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాలు (ఆ చిన్న అడుగులు), రెండు ఇంద్రగణాలు (ఆ పెద్ద అంగలు). 2, 4 పాదాల్లో ఐదూ సూర్యగణాలే. ఈ పేర్లు గుర్తుండకపోయినా ఫర్వాలేదు, వేలికి తెలిస్తే చాలు. మొదటి పాదం కాస్త సాగి ఏదో మొదలుపెడుతుంది, రెండో పాదం టకటకా తేల్చేస్తుంది. వేమన మాట అంత ఖరాగా వినిపించడానికి ఈ నడక కూడా ఒక కారణమని నాకనిపిస్తుంది.

ఇప్పుడు అసలు పని. ఉప్పూ కర్పూరమూ చూపుకు ఒకేలా ఉంటాయి, మనుషుల్లో పుణ్యపురుషులు వేరు అన్నాడు. మరి ఈ రెండింట్లో పుణ్యపురుషుడు ఏది? కర్పూరం అని ఠక్కున చెప్పేస్తాం. పద్యంలో ఆ మాట ఎక్కడుందో వేలు పెట్టి చూపించండి. లేదు. కర్పూరం దేవుడి హారతిలో వెలుగుతుంది కాబట్టి దానికి ఆ పీట మనమే వేశాం. ఉప్పు లేని పప్పు ఎవరైనా తింటారా? పచ్చకర్పూరం లడ్డూలో చిటికెడు పడితే ఘుమఘుమ, చెంచాడు పడితే పారబోయాల్సిందే. అలాగని ఉప్పే పుణ్యపురుషుడు అని నేను వాదించడం లేదు. కవి తేల్చకుండా వదిలేసిన చోటు ఒకటి ఉందనీ, మనం ఆగాల్సింది అక్కడేననీ అంటున్నాను. ఇంకో చిక్కు కూడా ఉంది. రుచి తేడా కంటికి అందదు, నాలుక మీద వేసుకోవాల్సిందే. అంటే మంచివాణ్ణి దూరం నుంచి చూసి పోల్చుకోలేం, వాడితో వ్యవహారం పడాలి. అప్పు అడిగినప్పుడో, ఆస్తి పంచుకున్నప్పుడో తెలుస్తుంది! నాకు తోచింది ఇది. మీకు తోచింది నోట్‌బుక్కులో మూడు వాక్యాలు రాయండి. తప్పొప్పుల టెన్షన్ వద్దు, ఎవరూ మార్కులు వేయరు. కానీ ఇది రాయకుండా మాత్రం వ్యాసం తెరవొద్దు. పండితుడి మాట ముందు చెవిన పడితే, మీ మాట ఇక నోరెత్తదు.

ఇక వచనం. వేమన మీద తెలుగులో కావలసినంత ఉంది. నన్నడిగితే రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారి ‘వేమన’తో మొదలుపెట్టండి. 1928లో ఇచ్చిన ఉపన్యాసాలు పుస్తకంగా వచ్చాయి. ఎదురుగా జనం కూర్చుని వింటున్నారని మనసులో పెట్టుకుని చదివితే ఆ వాక్యాల నడక బాగా పట్టుబడుతుంది.

ఇలాంటి పుస్తకం చదివేటప్పుడు మార్జిన్‌లో మూడే గుర్తులు పెట్టుకోండి. దాఖలా ఉన్న మాటకి ‘దా’, రచయిత ఊహకి ‘ఊ’, జనం చెప్పుకునే కథకి ‘క’. లైబ్రరీ పుస్తకమైతే పేజీ నంబరు వేసి నోట్‌బుక్కులో రాసుకోండి, పుస్తకం మీద గీయకండి (ఇలా గీసేవాళ్లంటే నాకు ఒళ్లు మంట).

ఉదాహరణకి సి.పి. బ్రౌన్ సంగతి తీసుకుందాం. కడపలో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగం చేసిన ఈ ఇంగ్లీషు దొర రాతప్రతులు సేకరించి, 1829లో 693 వేమన పద్యాలు అచ్చువేశాడు. 1839లో వేసిన కూర్పులో అవి 1,164 అయ్యాయి. అచ్చులో ఉన్న లెక్క కాబట్టి దీనికి ‘దా’. ఆ పెరిగినవన్నీ వేమన చెప్పినవేనా అంటే, ఎవరు ఏ జవాబు చెప్పినా దాని పక్కన ‘ఊ’ పెట్టండి. ‘విశ్వదాభిరామ’ అని చివర తగిలిస్తే ఎవరి పద్యమైనా వేమన పద్యంలా చలామణి అయిపోతుంది మరి. విశ్వద అనే వేశ్య, అభిరాముడనే కంసాలి, వేమన కొండవీటి రెడ్డి రాజుల తమ్ముడనడం – ఈ కథలన్నిటికీ ‘క’. కదిరి దగ్గర కటారుపల్లిలో వేమన సమాధి అని చూపిస్తారు. ఇక్కడ మాత్రం నేను రెండు గుర్తులు పెడతాను. ఆ చోటు ఉండటం, జనం మొక్కడం కళ్లెదుటి సంగతి, ‘దా’. అక్కడున్నది వేమనే అన్నది ‘క’.

‘క’ అంటే కొట్టిపారేయమని కాదు. వేశ్య ఇంట్లో పడి ఉన్నవాడు యోగి అయ్యాడనే కథ జనానికి ఎందుకు అంత నచ్చింది? ఇంత కటువుగా మాట్లాడేవాడు ముందు ఆ బురదలో మునిగి లేచినవాడే అయ్యుండాలని వాళ్లకి అనిపించిందేమో. దీనికి నేనే ‘ఊ’ పెట్టుకున్నాను. రచయితకి పెట్టే గుర్తు మనకీ పెట్టుకోవాలి కదా.

గుర్తులు పెట్టడం అయ్యాక, ముందు రాసుకున్న మూడు వాక్యాల దగ్గరికి వెళ్లండి. ఏదైనా మారితే కొట్టేయకండి, కిందనే కొత్తది రాసి తేదీ వేయండి. ఏమీ మారకపోతే, ఆ వ్యాసం మీకు సమాచారం ఇచ్చింది గానీ పద్యం దగ్గర పనికి రాలేదన్నమాట. అలాంటి పుస్తకాలూ ఉంటాయి, మొహమాటపడి చివరిదాకా చదవక్కర్లేదు.

వచ్చే పాఠానికి పని:

అనగననగ రాగ మతిశయిల్లుచునుండు
తినగ తినగ వేము తియ్యనుండు
సాధనమున పనులు సమకూరు ధరలోన
విశ్వదాభిరామ వినురవేమ

వేలితో తాళం వేసి, అడుగులు విడదీసి రాయండి. తర్వాత ఈ ప్రశ్నకి జవాబు రాయండి: తినగా తినగా తియ్యగా మారింది వేపాకా, తినేవాడి నాలుకా? వచ్చే పాఠంలో పద్యం లేకుండా ఒక్క వ్యాసమే తీసుకుని, దాన్ని ఎక్కడ ఆపి ప్రశ్న వేయాలో చూద్దాం.